కుడి పీఠమునుండి ఎడమ పీఠమునకు

గోదావరిమీఁద లాంచీ నడపు సరంగును మీలోఁ బెక్కురు చూచియుందురు. అతఁడు పుట్టుకతో సరంగు కాఁడు. మొదట త్రాళ్లు పట్టి, గడతో నీటి లోఁతు చూచి, పిమ్మట పెద్దసరంగు ప్రక్కన నిలిచి చుక్కాని పట్టుట నేర్చినవాఁడు. ఇసుకతిన్నెలు ఏఁటేఁట నెక్కడికి జరుగునో, వరదనీటి వాలును ఎట్లు గుర్తింపవలెనో క్రమముగాఁ దెలిసికొన్నవాఁడు. అన్నిటికంటెఁ గడపట, గాలివాన కమ్ముచున్న సాయంకాలమున, రేవులో జనులు తొందరపెట్టుచున్నను, "ఈ పూఁట లాంచీ కదలదు" అని చెప్పుట నేర్చినవాఁడు. చుక్కాని త్రిప్పుట చేతి విద్య. కదలదని చెప్పుట మనస్సు విద్య. మొదటిదానికంటె రెండవది ఆలస్యముగా వచ్చును.

ఆకాశమున నడచు ఓడలకును ఇట్టి సరంగులు కలరు. వారిని కెప్టెనులందురు. కెప్టెను ప్రక్కన కూర్చుండు రెండవ చోదకునకు ఫస్టాఫీసరని పేరు. రెండవవానికి ఆ పేరేమని మీరు శంకింపవచ్చును. ఇది సముద్రపు ఓడలనుండి వచ్చిన మాట. ఓడకు యజమాని వంటివాఁడు కెప్టెను. అతని క్రింది అధికారులలో మొదటివాఁడు ఫస్టాఫీసరు. విమానములో కెప్టెను ఎడమ పీఠమునను, ఫస్టాఫీసరు కుడి పీఠమునను కూర్చుందురు. ఆ రెండు పీఠముల నడుమ దూరము చేయి చాఁచిన అందునంత మాత్రమే. అది దాఁటుటకు మాత్రము ఏండ్లు పట్టును. దాఁటించు విద్య యెట్లు పుట్టెనో, యెట్లు మాఱెనో, యెందఱి ప్రాణములు పోయిన పిమ్మట దాని మర్మము మనుష్యులకుఁ దెలిసెనో, ఆ కథ నేఁడు మీకు విన్నవింతును.

తొలినాళ్ల తపాలా విమానములలో రెండవ పీఠముతోఁ బనియే లేదు. 1932 అక్టోబరు 15 వ తేదీని జె. ఆర్. డి. టాటాగారు తపాలా సంచులతో కరాచీనుండి బొంబాయికి వచ్చినపుడు ఆ చిన్న పుస్ మాత్ విమానమునకు వారొక్కరే చోదకులు. బొంబాయినుండి ఆ తపాలాను నెవిల్ వింట్సెంటుగారు బళ్లారిమీఁదుగా మదరాసునకుఁ గొనివచ్చిరి. బళ్లారి నాఁడు మదరాసు రాజధానిలోనిది. తెలుఁగును కన్నడమును కలిసి వినఁబడు సీమ. అట్టి విమానములో ఆజ్ఞ యిచ్చువాఁడును, ఆజ్ఞ పాటించువాఁడును ఒక్కఁడే. మబ్బు ఎదురైనచో మరలుదమా, ముందునకుఁ బోవుదమా అని అడుగుటకు ప్రక్కన మనుష్యుఁడు లేఁడు. నిర్ణయము తప్పినచో దాని మూల్యమును మొట్టమొదటఁ జెల్లించుకొనువాఁడును తానే.

విమానములు పెద్దవై, ప్రయాణికులు ఎక్కనారంభించిన పిమ్మట ఈ పద్ధతి సాగలేదు. అమెరికా దేశమున పాన్ అమెరికన్ అను కంపెనీవారు నీటిమీఁద దిగు పెద్ద విమానములను సముద్రములు దాఁటించుటకుఁ బూనిరి. 1935 నవంబరు 22 వ తేదీని వారి 'చైనా క్లిప్పర్' అను విమానము శాన్ ఫ్రాన్సిస్కో తీరమునుండి బయలుదేఱి, పసిఫిక్ మహాసముద్రములోని దీవులలో ఆఁగుచు, ఆ నెల 29 వ తేదీకి మనీలా చేరెను. ఎడ్విన్ మ్యూజిక్ అను నతఁడు కెప్టెను. సిబ్బంది మొత్తము ఏడుగురు. ఆ కంపెనీవారు విమానమును ఓడవలెనే భావించిరి. చోదకులకు నావికుల ఉడుపు తొడిగిరి. నావికుల పదవులనే యిచ్చిరి. క్రొత్తగాఁ జేరినవాఁడు శిష్యుఁడై, యంత్రములను, రేడియోను, నక్షత్రములనుబట్టి దిక్కు గుర్తించుటను నేర్చి, మెట్టు తరువాత మెట్టు ఎక్కవలెను. కడపటి మెట్టెక్కినవానికి సముద్రవిమానముల 'మాస్టరు' అని బిరుదు. విమానములో పెద్దఱికము ఒకరు దానముగా నిచ్చునది కాదనియు, ఏండ్ల తరబడి నేర్చి సంపాదించుకొనవలసినదనియు అప్పటినుండి స్థిరపడెను.

ఆనాఁటి శిష్యఱికము ఎట్టిదో అర్నెస్టు గాన్ అను అమెరికా చోదకుఁడు 1961 లో వెలువడిన 'ఫేట్ ఈజ్ ది హంటర్' అను గ్రంథమునఁ దన అనుభవమునే వర్ణించెను. బయట ఏమియుఁ గనఁబడక, గడియారముల వంటి పరికరములను మాత్రమే చూచుచు అతఁడు విమానమును దింపుచుండఁగా, ప్రక్కనున్న రాస్ అను కెప్టెను అగ్గిపుల్లలను ఒకదానివెంట నొకటిగా గీసి అతని కన్నుల యెదుటఁ బట్టెనఁట. చూపునకు అడ్డు వచ్చినను, ముఖమునకు సెగ తగిలినను మనస్సు చెదరకుండవలెనని బోధ. కఠినమైన బోధయే కాని, బోధించినవాఁడు శిష్యుని మేలు కోరినవాఁడు. ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. గురువు మంచివాఁడైనచో శిష్యుఁడు బాగుపడును. గురువు గర్విష్ఠి యైనచో శిష్యుఁడు చక్రములు పైకెత్తుటకును, లెక్కలు వ్రాయుటకును, నోరు మూసికొని యుండుటకును మాత్రమే నేర్చును. అట్టివాఁడు రేపు ఎడమ పీఠమెక్కి, తాను పడినదానినే మఱియొకనికిఁ బెట్టును. అత్త చేసిన ఆరడి కోడలి చేతికి వచ్చినట్లు ఇదియును తరతరములుగా నడచును.

శిష్యునకు ప్రాణాపాయము లేకుండ నేర్పు సాధనమును అమెరికాలోనే ఎడ్విన్ లింక్ అను నతఁడు 1929 ప్రాంతమునఁ గల్పించెను. అతని తండ్రిది పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారము. మన హార్మోనియములో గాలి ఊఁదు తిత్తులుండును గదా. అట్టి తిత్తులపైననే లింకు ఒక చిన్న విమానపు బొమ్మను నిలిపెను. లోపలఁ గూర్చున్నవాఁడు మీట కదపఁగానే తిత్తులు గాలి పీల్చియు విడిచియు ఆ బొమ్మను ప్రక్కకు వంచును, ముందునకు దింపును. మొదట దీనిని సంతలో వినోదపు వస్తువుగానే చూచిరి. 1934 లో అమెరికా సైన్యమువారు తపాలా మోయఁబూని, చలికాలపు మంచులో దారి కానక పెక్కురు చోదకులను పోఁగొట్టుకొనిరి. ఆ వెనుకనే ఆఱు లింకు యంత్రములు కొనిరి. నేఁటి సిమ్యులేటరు ఆ బొమ్మకు మునిమనుమఁడు. అది ఇనుప కాళ్లపై నిలిచి ఊఁగు గది. లోపల నిజమైన విమానపు పీఠములు, మీటలు. కిటికీలో రాత్రియు, వానయు, విమానాశ్రయపు దీపములును కనఁబడును. ఇంజనుకు నిప్పంటించి చూపవచ్చును; మఱల మొదటినుండి చేయింపవచ్చును. అచట ఎన్నిమార్లు కూలినను ఎవ్వరును చావరు.

ఇంతలో మన దేశమునను కంపెనీలు పుట్టెను. 1945 లో హైదరాబాదునఁ బుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీ బేగంపేటనుండి డకోటా విమానములు నడపెను. భారతదేశమున వాణిజ్యవిమానములు నడపుటకు లైసెన్సు పొందిన తొలి స్త్రీ ప్రేమ్ మాథుర్‌గారు కోపైలటుగాఁ జేరినది ఈ కంపెనీలోనే. ఇతర కంపెనీలు ఆమెను వద్దనఁగా హైదరాబాదు రమ్మనెను. అది మన నగరమునకుఁ గీర్తి. 1949 లో ఆమె జాతీయ విమానపందెమున గెలిచిరి. ఐనను ఎడమ పీఠమును మాత్రము ఆ కంపెనీ ఆమెకు ఈయలేదు. చేతి నేర్పు చాలకపోవుటచేతఁ గాదు. స్త్రీ విమానమునకుఁ బెద్దయై కూర్చుండుటను నాఁటివారి మనస్సు ఒప్పకపోవుటచేత. 1953 లో కంపెనీలన్నియుఁ గలిసి ప్రభుత్వమువారి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడినపుడు ఆమె అందుఁ జేరిరి. 1985 లో సౌదామినీ దేశ్‌ముఖ్‌గారు కెప్టెనుగాను, నివేదితా భసీన్‌గారు కుడి పీఠమునను కూర్చుండి, సిబ్బంది యందఱును స్త్రీలే యైన విమానమును కలకత్తానుండి సిల్చారునకు నడపిరి. ఆ నివేదితగారే 1990 జనవరి 1 వ తేదీని, ఇరువదియాఱవ యేట, జెట్ విమానమునకుఁ గెప్టెనైరి. హైదరాబాదున నొకరికి మూసిన తలుపు తెఱచుకొనుటకు ఇన్ని యేండ్లు పట్టెను.

ఇఁక చట్టము సంగతి. 1944 లో చికాగో నగరమున దేశములన్నియుఁ గూడి చేసికొన్న ఒడంబడిక మూలముగా విమానయానమునకు అంతర్జాతీయ నియమములు ఏర్పడెను. వానినిబట్టి కెప్టెను పదవికిఁ దగిన పెద్ద లైసెన్సు కావలెనన్న కనీసము 1500 గంటలు విమానము నడపియుండవలెను. వ్రాఁతపరీక్షలలోను, నడపుటలోను, వైద్యపరీక్షలోను నెగ్గవలెను. గాలిలో నున్నంతవఱకు విమానము విషయమునఁ దుదిమాట కెప్టెనుదే. ఇది అవసరమైన నియమము. ఆపద వచ్చినపుడు సభ చేసి ఓట్లు తీయుటకు వ్యవధి యుండదు. కాని తుదిమాట తనదని చట్టము చెప్పినంత మాత్రమున మొదటిమాట ఎవ్వరిదియు వినవలదని కాదు. ఈ చిన్న భేదము లోకమునకుఁ దెలియుటకు 1977 వ సంవత్సరము రావలసివచ్చెను.

ఆ యేఁడు మార్చి 27 వ తేదీని, ఆఫ్రికా తీరమునకు దాపున స్పెయిను దేశమువారి టెనెరిఫె దీవిలో రెండు మహావిమానములు ఆఁగియుండెను. అవి దిగవలసిన వేఱొక దీవి విమానాశ్రయమున బాంబు పేలుటచే ఇచటికి మరలింపఁబడినవి. ఒకటి హాలండు వారిది, రెండవది అమెరికా వారిది. పొగమంచు దట్టముగాఁ గ్రమ్మెను. రెండును ఒకే బాటపై నుండెను. ఒకదాని కొకటి కనఁబడలేదు. హాలండు విమానపు కెప్టెను సామాన్యుఁడు కాఁడు. తన కంపెనీలో ఇతర చోదకులకు శిక్షణ యిచ్చు పెద్దగురువు. అతఁడు ఇంజనుల మీటలు మొదటిమాఱు ముందునకుఁ ద్రోయఁగా ప్రక్కనున్న ఫస్టాఫీసరు, మనకింకను అనుమతి రాలేదని చెప్పెను. కెప్టెను ఆఁగి, అడుగుమనెను. దారిని గూర్చిన అనుమతి వచ్చెను. బయలుదేఱుటకు అనుమతి మాత్రము రాలేదు. కెప్టెను మఱల మీటలు త్రోసెను. ఈమాఱు ఫస్టాఫీసరు ఆఁపలేదు. వెనుకఁ గూర్చున్న ఇంజనీరు, ఆ అమెరికా విమానము బాట విడిచినదా అని శంకించెను. విడిచినదని కెప్టెను గట్టిగాఁ జెప్పెను. విమానము పరుగాఁపలేదు. ఆనాఁడు 583 మంది మరణించిరి. విమానముల ప్రమాదములలో ఇంతకు మించిన ప్రాణనష్టము నేఁటివఱకు జరుగలేదు.

గమనింపుఁడు. రెండవవాఁడు ఒకమాఱు చెప్పెను, రెండవమాఱు చెప్పలేకపోయెను. మూఁడవవాఁడు అడిగెను, బదులు వినఁగానే ఊరకుండెను. ముగ్గురును విద్యావంతులే, అనుభవజ్ఞులే.

మఱుసటి యేఁడు, 1978 డిసెంబరు 28 వ తేదీని, అమెరికాలోని పోర్ట్‌లాండు నగరముపై ఒక డి. సి. 8 విమానము గంటసేపు చుట్టుచు నుండెను. దాని చక్రముల కాళ్లు సరిగాఁ దిగినవా లేదా అని కెప్టెనునకు సందేహము. ఆ సందేహములోనే అతని మనస్సంతయు మునిఁగెను. ఇంధనము తఱిఁగిపోవుచున్నదని తక్కిన యిద్దఱు చెప్పుచునే యుండిరి. కాని అది చేతులు జోడించి చెప్పినట్లు చెప్పిన మాట. "ఇఁక నిమిషమును ఆఁగరాదు" అని చెప్పినవారు లేరు. ఇంజనులు ఒక్కొక్కటిగా ఆఱిపోయెను. విమానము ఊరి చివర చెట్లలోఁ గూలెను. లోపలి 189 మందిలో పదిమంది మరణించిరి. విచారణ చేసినవారు ఒక క్రొత్త మాట చెప్పిరి: కెప్టెనులకు అందఱి సాయము గొను విధమును, తక్కినవారికి ధైర్యముగాఁ జెప్పు విధమును నేర్పవలెనని.

ఇదే సమయమున అమెరికా అంతరిక్షపరిశోధన సంస్థ యైన నాసాలో రఫెల్ స్మిత్ అను పరిశోధకుఁడు ఒక పరీక్ష చేసెను. చోదకబృందములను సిమ్యులేటరులోఁ గూర్చుండఁబెట్టి, న్యూయార్కునుండి లండనునకుఁ బోవునట్లు చేసి, దారిలో చిక్కులు కల్పించెను. 1979 లో వెలువడిన ఆ నివేదికనుబట్టి, బాగుగా నెగ్గినవారికిని తప్పులు పెక్కు చేసినవారికిని భేదము చేతి నేర్పులో నున్నది స్వల్పము. పని పంచుకొనుట, మాట వినుట, నాయకత్వము వహించుట, వీనియందే అసలు భేదము కనఁబడెను. ఆ యేఁటనే కంపెనీల ప్రతినిధులు శాన్ ఫ్రాన్సిస్కోలోఁ గూడి ఈ విషయము చర్చించిరి. 1981 లో యునైటెడ్ అను కంపెనీ తన చోదకులందఱికిని ఈ విద్యను పాఠముగాఁ జెప్పించెను. దాని ననుసరించి క్రమముగా ఇతర కంపెనీలును చెప్పించెను.

పాఠము ఫలించెనా? 1989 జులై 19 వ తేదీని ఆ కంపెనీదే ఒక డి. సి. 10 విమానమునకుఁ దోఁకలోని ఇంజను పగిలి, ఱెక్కల పలకలను కదపు నూనె గొట్టములన్నియుఁ దెగిపోయెను. చుక్కాని విఱిగిన పడవ అది. ఆల్ హేన్స్ అను కెప్టెను ఒంటరిగాఁ గార్యము సాధింపఁజూడలేదు. ప్రక్కవారిని అడిగెను, నేలమీఁది నిపుణులను అడిగెను. ప్రయాణికులలో విమానశిక్షకుఁ డొకఁడున్నాఁడని తెలియఁగానే లోనికిఁ బిలిచి, మిగిలిన రెండు ఇంజనుల మీటలు అతని చేతి కిచ్చెను. ఆ ఇంజనుల వేగమును హెచ్చించి తగ్గించియే సూ సిటీ అను ఊరివఱకు తెచ్చిరి. దిగునపుడు విమానము ముక్కలయ్యెను. ఐనను 296 మందిలో 184 మంది బ్రదికిరి. అందఱి మాటయు వినకున్న ఇదియును సాధ్యపడెడిది కాదని హేన్సుగారు తరువాత పలుచోట్లఁ జెప్పిరి.

ఒకమాఱు నేర్చినది ఎల్లకాలము నిలుచునని అనుకొనరాదు. 2010 మే 22 వ తేదీని దుబాయినుండి మంగళూరునకు వచ్చిన విమానము కొండపై చదును చేసిన బాటమీఁద దిగవలసి యుండెను. అది మిక్కిలి ఎత్తుననుండి వేగముగా దిగుచుండుట చూచి ఫస్టాఫీసరు, దిగవద్దు, మఱల పైకి లేపుమని మూఁడుమార్లు హెచ్చరించెను. కెప్టెను వినలేదు. విమానము బాట దాఁటి లోయలోఁ బడెను. 158 మంది మరణించిరి. ఎనమండుగురు మాత్రము బయటపడిరి. మూఁడు హెచ్చరికలను లక్ష్యపెట్టకుండుటయే కారణమని విచారణసంఘము తేల్చెను. టెనెరిఫెలో రెండవవాఁడు ఊరకుండెను. మంగళూరులో రెండవవాఁడు చెప్పెను; వినువాఁడు లేఁడు. చెప్పు విద్యయు, విను విద్యయు రెండును కలిసినఁగాని విమానము క్షేమముగా దిగదు.

కావుననే నేఁడు ఫస్టాఫీసరును కెప్టెనుగాఁ జేయుట యనఁగా సీనియారిటీ జాబితాలో పేరు పైకి వచ్చుట మాత్రము కాదు. జాబితా పరీక్షకుఁ గూర్చుండు వంతు నిచ్చును గాని పదవి నీయదు. వంతు వచ్చినవాఁడు మొదట చట్టము, వాతావరణము, ఇంధనపు లెక్క మఱల చదువును. పిమ్మట సిమ్యులేటరులో ఎడమ పీఠమెక్కును. అచట చేతులే మాఱును. కుడి పీఠమున ఇంజనుల మీటలు ఎడమ చేతికి వచ్చెడివి. ఇప్పుడు కుడి చేతికి వచ్చును. ఏండ్ల అలవాటును చేతులు మఱవవలెను. అది కొలఁది దినముల పని. కష్టమైనది వేఱు. ఒక ముసలి ప్రయాణికునకు గుండెనొప్పి. దగ్గఱి ఊర మబ్బులు. దూరపు ఊరికి ఇంధనము చాలీచాలనట్లు. రేడియోలో ఒకరు, తలుపు దగ్గఱ ఒకరు ఒకేమాఱు అడుగుచుందురు. దీనికి పుస్తకములో ఒక్క జవాబు లేదు. పరీక్షకుఁడు చూచునది అతఁ డేమి నిర్ణయించెనని మాత్రమే కాదు. నిర్ణయించుటకు ముందు ఎవరిని అడిగెను, ఎంతసేపు వినెను, వినిన పిమ్మట తడఁబడక తుదిమాట చెప్పెనా అని.

ఆ పిమ్మట నిజమైన విమానము, నిజమైన ప్రయాణికులు. శిష్యుఁడు ఎడమ పీఠమున, శిక్షకుఁడైన కెప్టెను కుడి పీఠమునఁ గూర్చుందురు. గురువు కావలెనని మౌనము వహించును. తప్పు జరుగునపుడు మాత్రము చేయి వేయును. కడపటి పరీక్షలో నెగ్గినవాఁడు కెప్టెనగును. నెగ్గనివాఁడు పెక్కు కంపెనీలలో మఱల కుడి పీఠమునకు వచ్చి, కొంతకాలమునకు ఇంకొకమాఱు ప్రయత్నించును. అది అవమానము కాదు. తొందరపడి ఎక్కించుటకంటె ఆఁగి ఎక్కించుట మేలని ఈ నూఱేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

ఒకప్పుడు పెద్ద విమానములలో మూఁడవ పీఠమున ఇంజనీరు ఉండెడివాఁడు. 1982 లో వాడుకకు వచ్చిన బోయింగు 767 వంటి విమానములతో పెద్దవానిలోను ఆ పీఠము పోవఁజొచ్చెను. ఇప్పుడు కెప్టెనునకు "ఆఁగుము" అని చెప్పఁగలవాఁడు ఆ గదిలో ఒక్కఁడే. ఆ యొక్కని నోరు మూయించుకొన్న కెప్టెను తన రెండు కన్నులలో నొకదానిని తానే కట్టుకొన్నవాఁడు.

అందువలన క్రొత్త కెప్టెనులకు శిక్షకులు నేర్పు అలవాటు ఒకటి కలదు. చిక్కు వచ్చినపుడు తన అభిప్రాయము ముందుగాఁ జెప్పఁగూడదు. పెద్ద మొదట చెప్పినచో చిన్నవాఁడు "చిత్త" మనును గాని తనకుఁ దోఁచినది చెప్పఁడు. కావున కెప్టెను ముందు కుడివైపునకుఁ దిరిగి ఇట్లడుగవలెను: "మీ కేమి తోఁచుచున్నది?"

పెద్దలారా, తుదిమాట చెప్పవలసిన పీఠములు ఆకాశముననే గాక మన రచ్చలలోను, ఇండ్లలోను కలవు. ఆ ప్రశ్నను మీకు విడిచి విరమించుచున్నాను.